ఏ పెట్రోలు ఎవరికి?

కలిదిండి చేపల చెరువుగట్లపై మేతమూటలు మోయునది నేడు ఎడ్లబండి కాదు, మోటారుసైకిలు. దాని కడుపులో పోయు పెట్రోలు ఎట్టిదో తెలిసికొను హక్కు కొనువానికి లేదా అని మేము ప్రశ్నించుచున్నాము.

మొదట జనులలోని యొక భ్రమను తొలగింపవలయును. హెచ్చు ధరగల పెట్రోలు బండికి హెచ్చు బలము నిచ్చునని పలువురు నమ్ముచున్నారు. ఆక్టేను సంఖ్య బలమునకు కొలత కాదు. ఇంజనులో నొత్తిడికి లోనైన ఇంధనము అకాలమున మండక నిలుచు శక్తికి కొలత. బి.ఎస్.-6 ప్రమాణము సాధారణ పెట్రోలునకు 91, మేలిరకమునకు 95 కనీసముగా నిర్ణయించినది. తయారీదారు పుస్తకములో 91 చాలునని యున్నచో, 95 పోయుట ధనవ్యయమే గాని లాభము కాదు.

అసలు వివాదము ఆక్టేనును గూర్చినది కాదు, ఇథనాలును గూర్చినది. నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో దేశమున ప్రవేశపెట్టిరి. 2030 నాటికని పెట్టుకొన్న గడువును 2025కు ముందుకు జరిపిరి. విదేశీ చమురునకై పోవు ధనము మిగులుననియు, రైతు పంటకు గిరాకి కలుగుననియు ప్రభుత్వము చెప్పుమాట త్రోసిపుచ్చదగినది కాదు. స్వదేశీ యింధనము మాకును ప్రియమే. కాని ఖద్దరు కట్టినవాడు అది ఖద్దరని యెరిగి కట్టెను.

లీటరు ఇథనాలులోని వేడిమి, లీటరు పెట్రోలులోని దానికంటె మూడవవంతు తక్కువ. 2021లో నీతి ఆయోగు ప్రకటించిన ప్రణాళికయే, పాతతరహా ద్విచక్రవాహనములకు 3 మొదలు 4 శాతము మైలేజి తగ్గునని యొప్పుకొనినది. నెలకు 20 లీటర్లు వాడు పేదకు 3 శాతమనగా 600 మిల్లీలీటర్ల నష్టము. ధర మాత్రము ఆ మేరకు తగ్గలేదు. పాత బండ్ల కొరకు 10 శాతపు మిశ్రమమును అందుబాటులో నుంచవలెనని ఆ ప్రణాళికయే సూచించినది. ఆ సూచన యేమైనది?

ఇథనాలు నీటిని పీల్చును. నీరు మితి మించినచో రెండును పెట్రోలును వీడి టాంకు అడుగునకు దిగును. కొల్లేటి తేమలో, వరదనీట మునిగెడి యూళ్లలో ఇది పుస్తకజ్ఞానము మాత్రమే కాదు. ఇట్టి మిశ్రమమునకై చేయని పాత బండ్ల రబ్బరు గొట్టములకును కీడు కలుగవచ్చును. కావున బండిని నెలల తరబడి సగము టాంకుతో నిలుపరాదు; నీట మునిగిన బండి టాంకును ఖాళీచేయక నడుపరాదు.

2025 సెప్టెంబరులో సుప్రీముకోర్టు ఈ విధానముపై వచ్చిన వ్యాజ్యమును కొట్టివేసినది. న్యాయస్థానము తలుపు మూసినంత మాత్రమున ప్రజాభిప్రాయ ద్వారము మూతపడదు. మేము కోరునవి మూడు: ప్రతి బంకునందును మిశ్రమపు పాలును, ఆక్టేను సంఖ్యయు తెలుగున వ్రాయవలయును, పాత బండ్లకు 10 శాతపు పెట్రోలు దొరకవలయును, తగ్గిన వేడిమికి తగినట్లు ధర తగ్గవలయును. ఇది యాచన కాదు. సొమ్ము చెల్లించువాడు సరుకు పేరడుగుచున్నాడు.