కంపెనీ విత్తనం, రైతు హక్కు: గుజరాత్ బంగాళాదుంప కేసు నుంచి మనం తెలుసుకోవాల్సింది



"కంపెనీ పేరున రిజిస్టరైన రకాన్ని మనం దాచుకుని మళ్లీ వేస్తే కేసు పెడతారట" అనే భయం చాలామందిలో ఉంది. ఇందులో నిజమెంతో తెలియాలంటే గుజరాత్‌లో జరిగిన ఒక కేసు చూడాలి.

2019 ఏప్రిల్‌లో పెప్సికో కంపెనీ సాబర్‌కాంఠా జిల్లాకు చెందిన నలుగురు చిన్న రైతులపై అహ్మదాబాద్ కోర్టులో దావా వేసింది. చిప్స్‌కు వాడే ఎఫ్‌సీ-5 రకం బంగాళాదుంపను అనుమతి లేకుండా పండించారంటూ ఒక్కొక్కరి నుంచి కోటి రూపాయలకు పైగా పరిహారం కోరింది. నాలుగెకరాల రైతు ఇల్లూ పొలం అమ్మినా అంత తేలేడు. సాగు మానేయండి, లేదంటే మాతో ఒప్పందంలోకి రండి అని ఆ తర్వాత రాజీ మాట చెప్పింది. రైతు సంఘాలు చట్టం చూపించి నిలబడ్డాయి. మే నెలలో కంపెనీ కేసులు వెనక్కి తీసుకుంది.

2021 డిసెంబరులో ఆ రకం రిజిస్ట్రేషన్ రద్దయింది. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం ఆ రద్దును కొట్టివేసింది. దీంతో రైతు హక్కు పోయిందని కొందరు అనుకున్నారు. అది పొరపాటు. రిజిస్టరైన రకాల విషయంలోనే చట్టం రైతుకు ఈ హక్కు ఇచ్చింది.

చట్టం ఏం చెబుతోంది?

మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 2001లోని 39వ సెక్షన్ ప్రకారం మీరు పండించిన పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, తోటి రైతుతో మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అయితే రిజిస్టరైన రకాన్ని ప్యాక్ చేసి, ఆ రకం పేరుతో లేబుల్ వేసి అమ్మకూడదు. కంపెనీ చెప్పిన పరిస్థితుల్లో సాగు చేసినా, ఆ విత్తనం చెప్పిన దిగుబడి ఇవ్వకపోతే పరిహారం అడిగే హక్కు కూడా అదే సెక్షన్‌లో ఉంది.

ఒక్క విషయం గమనించండి. హైబ్రిడ్ విత్తనం దాచి వేస్తే పంట ఏకరీతిగా రాదు, దిగుబడి తగ్గుతుంది. కాబట్టి ఈ హక్కు వరి, వేరుశనగ, శనగ వంటి పంటల్లోని సూటి రకాలకే ఎక్కువగా ఉపయోగపడుతుంది.

ఒప్పంద సాగు చేసేవారికి

నడిగడ్డలో పత్తి విత్తనం, ములుగు ఏజెన్సీలో మొక్కజొన్న విత్తనం పండించే రైతుల పరిస్థితి వేరు. అక్కడ మీరు పెట్టే సంతకమే కీలకం.

- ఒప్పంద పత్రం తెలుగులో అడగండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.
- సంతకం చేస్తున్నది కంపెనీయా, ఆర్గనైజరా చూడండి. ఆర్గనైజర్ నోటిమాటకు కంపెనీ బాధ్యత వహించకపోవచ్చు.
- ధర, చెల్లింపు గడువు, పంట దెబ్బతిన్నా విత్తనం ఫెయిలైనా ఎవరు భరిస్తారన్నది రాయించుకోండి.
- ఖాళీ కాగితంపై, ఖాళీ చెక్కుపై సంతకం పెట్టవద్దు.

అందరూ చేయాల్సింది

- విత్తనం కొన్న బిల్లు, లాట్ నంబరు ఉన్న సంచి, ట్యాగు పంట చేతికొచ్చే దాకా దాచండి.
- మొలక రాకపోయినా, పూత, కాత తేడాగా ఉన్నా పంట పొలంలో ఉండగానే మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. పంట తీసేశాక రుజువు దొరకదు.
- నోటీసు వస్తే భయపడి దేనిమీదా సంతకం పెట్టవద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవారికి అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.

కంపెనీకి లాయర్లున్నారు, డబ్బుంది. మీకు చట్టం ఉంది. కానీ అది మీకు తెలిసినప్పుడే, చేతిలో కాగితం ఉన్నప్పుడే పనికొస్తుంది.