నిమ్మపండ్ల విద్య



ఊరగాయకై తెచ్చిన నిమ్మపండ్లలో మూఁడు మొన్న మా పెద్దపిల్ల చేతులలో నెగురుచుండఁగాఁ జూచి, "ఆఁడుపిల్లకు గారడీవాని విద్య యెందుకే?" అని కేకవేసితిని. అది పండ్లను బుట్టలోఁ బెట్టి, మాటాడక పెరటిలోనికిఁ బోయినది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నా పదియవయేట మా నాయనమ్మ నా అచ్చనగండ్లను బావిలోఁ బాఱవేసిన సంగతి జ్ఞప్తికి వచ్చినది. అవి యేటియొడ్డున నేఱి తెచ్చుకొన్న అయిదు నున్నని రాళ్లు. ఒకటి పైకెగురవేసి, అది చేతికి వచ్చులోపల నేలమీఁది వానిని అందుకొనుట ఆ యాట. నే నందు గట్టిదానను.

అసలీ విద్య మగవారి సొత్తని యెవరు చెప్పిరి? ఈజిప్టుదేశమున నైలునది యొడ్డున, బేనీహసన్ అనుచోట, సుమారు 4,000 ఏండ్లనాఁటి సమాధిగోడమీఁద బంతు లెగురవేయువారి చిత్రమున్నది. తెలిసినంతలో ఈ యాటకు అంతకన్నఁ బాతచిత్రము లేదు. అందు బంతు లాడించువారు స్త్రీలే! ఒకతె చేతులు రెండును అడ్డముగా వైచికొని మఱీ యాడించుచున్నది. ఆమెను గోలపెట్టుటకు నాయనమ్మ లేదు కాఁబోలు. పసిఫిక్ మహాసముద్రమునందలి టోంగా దీవులలో నైతే ఇది ఆఁడుపిల్లల యాటయే.

మగవారిలో ఘనులు లేరని కాదు. ఇటలీవంశీయుఁడగు ఎన్రికో రాస్టెల్లి (1896-1931) పది బంతుల నాడించినవాఁడు. హాజ్లిట్ అను ఆంగ్ల రచయిత, మనదేశపు గారడీవాఁడు నాలుగు ఇత్తడిగుండ్లను ఎగురవేయుట చూచి, ఆ తప్పులేని విద్యయెదుట తన వ్యాసములను తలంచి సిగ్గుపడితినని 1821లో ప్రకటించెను. అంతటివాఁడే అట్లనఁగా, నెలనెలా ఈ పుట నింపు నా గతి యేమి?

మఱునాఁడు తలుపు వేసికొని నేనును యత్నించితిని. రెండు పండ్లు లొంగినవి. మూఁడవది ఉట్టిమీఁది పెరుగుకుండను దాఁకినది. చప్పుడు విని వచ్చిన మావారు నవ్వలేదు, అది వారి గొప్పతనము. పిల్లల పలక తీసికొని లెక్క చెప్పిరి. పండు గాలిలో రెట్టింపుసేపు నిలువవలెనన్న నాలుగురెట్లు ఎత్తునకు వేయవలెనఁట. "మన యింటికప్పు క్రింద మూఁటికి మించి ఆశపడకుము" అని తేల్చి బడికిఁ బోయిరి.

లెక్క తెలిసినంతనే చేయి లొంగదు గదా! సాయంకాలము పిల్లనే పిలిచి యడిగితిని. అది కొంతసేపు బిగిసికొని కూర్చుండి, పిదప, "అమ్మా, నీవు మొదటిపండు చేతికి వచ్చుదాఁక కాచుకొనుచున్నావు. అది పైకొసన నుండఁగనే రెండవదానిని వదలుము. మంచమెదుట నిలుచుండినచోఁ బడినవానికై నేలకు వంగనక్కఱలేదు" అన్నది.

ఇరువురమును మంచమెదుట నిలిచితిమి. వాకిటినుండి మా అత్తగారు "ఏమమ్మా ఆ చప్పుడు?" అనిరి. "నిమ్మపండ్లు ఎంచుచున్నామండీ" అంటిని. అబద్ధము కాదు, మూఁటివఱకును ఎంచుచునే యుంటిమి.

దెబ్బతిన్న పండ్లతో ఆ వారమున మా యింట మూఁడుమాఱులు పులిహోర.