రెండు జాడీల నీతి



మావారి పాఠముల వీడియోలు కూర్చుటకై మే మొక బలమైన ల్యాప్‌టాపును కొంటిమి. అందు రెండు ఎస్‌ఎస్‌డీలకు చోటు గలదు. వేగము హెచ్చునని అంగడివారు రెంటిని జోడించి యొక్కటిగా నమర్చిరి. దీనిని రెయిడ్ 0 అందురు. ఇందు దస్త్రములు ముక్కలై రెంటియందును సర్దుకొనును. ఒకటి చెడినచో రెండవదానిలోని ముక్కలును నిష్ప్రయోజనములే. ఏడాదికే మా కట్లయినది. గతించిన మా తల్లిగారు పాడిన పెండ్లిపాటలు దానితో పోయినవి. ఆ గొంతు మరల వినలేము.

రెయిడ్ 1 అను నమరికలో నొకదాని కొకటి అద్దము వంటిది. ఒకటి చెడినను రెండవది నిలుచును. కాని పొరపాటున నొక దస్త్రమును తుడిచితిమా, అద్దమునందును అది మాయమగును!

కావున నిప్పుడు రెంటిని వేరుగానే యుంచితిమి: ఒకదానియందు విండోసును ప్రోగ్రాములును, రెండవదానియందు మా దస్త్రములు. మా పనికి ఒక్క ఎన్‌వీఎంఈ డిస్కు వేగమే చాలియున్నది. మిగిలిన సొమ్ముతో వెలుపలి హార్డు డిస్కు నొకటి కొని, ప్రతి శనివారము నకలు దీసి, తీగ యూడదీసి బీరువాలో దాచుచున్నాము.

ఏడాది యావకాయనంతయు నొక్క జాడీలో పెట్టెడి యిల్లాలు గలదా?