మెర్సీ అని పేరు పెడితే చాలునా?

ఆదివారం ఆరాధన ముగిశాక నారాయణగూడ, చిక్కడపల్లి ప్రాంతాల చర్చి ఆవరణల్లో 'మెర్సీ' అని ఒక్కసారి పిలిచి చూడండి. ఇద్దరు ముగ్గురైనా వెనుదిరిగి చూస్తారు. కృపమ్మ, కరుణ, దయామణి, మెర్సీ... మన క్రైస్తవ కుటుంబాల్లో ఆడపిల్లలకు ఇష్టంగా పెట్టుకునే పేర్లివి. అయితే మెర్సీ అనే పేరు ఎక్కడి నుండి వచ్చిందో, దాని భావమేమిటో మనలో ఎందరం ఆలోచించాం?

స్పెయిన్‌లోని బార్సిలోనా ప్రాంతంలో కాటలాన్ భాష మాట్లాడేవారు తమ కుమార్తెలకు 'మెర్సే' అని పేరు పెట్టుకుంటారు. మన మెర్సీకి అది అక్క వంటిది. 1218లో ఆ నగరంలోనే పీటర్ నోలాస్కో అనే భక్తుడు, బందీలైన క్రైస్తవులను వెల చెల్లించి విడిపించేందుకు ఒక సమాజాన్ని స్థాపించాడు. ఆ సమాజం వారు మరియమ్మను 'కనికరపు తల్లి' అని పిలిచేవారు. ఆ పిలుపు నుండే మెర్సే అనే పేరు వచ్చింది. మరియమ్మకు ప్రార్థించడం మన సంఘాల ఆచారం కాదు. ప్రభువే మనలను వెలపెట్టి కొన్న విమోచకుడని నమ్ముతాం. అయినా చెరలో ఉన్నవారిని విడిపించాలన్న ఆ తలంపును మనం కాదనలేం.

ఆశ్చర్యమేమిటంటే, ఈ పేరుకు మూలమైన లాటిన్ మాట 'మెర్సెస్'కు మొదటి అర్థం కనికరం కాదు; కూలి, జీతం. కాలక్రమంలో క్రైస్తవుల నోట అదే మాట దయ అనే భావాన్ని సంతరించుకుంది. కానీ కూలి వేరు, కృప వేరు. పనిచేసినవానికి ఇచ్చేది దయ కాదు, బాకీ అని అపొస్తలుడైన పౌలు బోధించాడు (రోమా 4:4).

విచారమేమిటంటే మనం ఈ రెంటినీ తారుమారు చేస్తున్నాం. ఉపవాసాలున్నాం, కానుకలిచ్చాం గనుక దీవించమని దేవుణ్ణి కూలి అడిగినట్టు అడుగుతాం. మన ఇంట అంట్లు తోమే అమ్మకు మాత్రం నెల జీతాన్ని దానం చేసినట్టు ఇస్తాం. ఒక్కరోజు రాకపోతే కోత వేస్తాం. క్రిస్మస్‌కు పాత చీర ఇచ్చి కనికరం చూపామనుకుంటాం. ఆమె పేరు కూడా మెర్సీయో, కృపమ్మో కావచ్చు. మనకు మాత్రం ఆమె 'పనిమనిషి'! అన్యాయంగా ఆపిన కూలి దేవుని చెవిన పడుతుందని యాకోబు హెచ్చరించాడు (యాకోబు 5:4).

కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. చెమటోడ్చి పండించిన పంట తనదేనని దొర ఎదుట నిలబడిన స్త్రీ ఆమె. కష్టపడిన చేతికి రావలసినది అందిందా అని ఆ దారిన వెళ్లే మనల్ని ఆ పేరు అడుగుతూనే ఉంటుంది.

ప్రభువు చెప్పిన ఉపమానంలో ద్రాక్షతోట యజమాని ఒప్పుకున్న దేనారంలో ఏమీ తగ్గించలేదు. ఉదయమే వచ్చినవారికి న్యాయం చేస్తూనే చివరి గంటకు వచ్చినవారిపై ఔదార్యం చూపాడు (మత్తయి 20:1-15). ప్రియులారా, మనుషులకు చెల్లించాల్సింది బాకీగా చెల్లిద్దాం. దేవుడిచ్చేది కృపగా పుచ్చుకుందాం. అప్పుడే మన బిడ్డలకు పెట్టుకున్న పేరు మన ఇంట సార్థకమవుతుంది.