అమ్మీ పంఖా, బేటా కంప్యూటర్

కరెంటు బిల్లు రాగానే మన ఇళ్లల్లో మొదటి గుస్సా ఎవరి మీద? అమ్మీ మీద. "రాత్రంతా పంఖా ఎందుకు?" అని. నేనూ అన్నాను. షర్మిందాగా ఒప్పుకుంటున్నా. నా మాటకు అమ్మీ పంఖా బంద్ చేసి, మే నెల రాత్రుల్లో చెమటలో తడిసింది.

అదే గదిలో నా కంప్యూటర్ మాత్రం పొద్దుటిదాకా ఆన్‌లోనే! ఒకరోజు ప్లగ్గుకు మీటర్ పెట్టి చూశా. ఊరికే ఉన్నా 70 వాట్లు, గేమ్ ఆడితే 300. మామూలు సీలింగ్ ఫ్యాన్ తినేది సుమారు 75. అంటే అమ్మీ మిగిల్చిన బిజిలీని నా ఖాళీ డబ్బా తాగేసింది. రాత్రికి 8 గంటల లెక్కన నెలకు దాదాపు 17 యూనిట్లు. తాగిందంతా చివరికి గర్మీగా మారి గదిలోకే వస్తుంది. ఏసీ ఉంటే ఆ గర్మీని తోడటానికి మళ్లీ బిజిలీ.

నౌజవాన్ భాయియో! చదువుకీ నౌకరీకీ కంప్యూటర్ జరూరే, ఎవరూ కాదనరు. పనయ్యాక స్విచ్ ఆపడానికి ఏం తక్లీఫ్? ఫిజూల్ ఖర్చు మనది, తిట్లు అమ్మీకా? ఇదేం ఇన్సాఫ్? ఈ రాత్రి కంప్యూటర్ బంద్ చేయండి, అమ్మీ పంఖా మీరే చాలూ చేయండి.