ఫ్లోరైడ్ నీళ్లు, ఎముకలో జంట కణాలు

తొలకరి పడగానే వజ్రకరూరు పొలాల్లో వజ్రాల వేట గురించి ఏటా వార్తలొస్తాయి. ఆ నేల కింది నీళ్ల గురించి మాత్రం అంతగా రావు. అనంతపురం జిల్లాలో చాలాచోట్ల రాళ్లలోని ఫ్లోరైడ్ బోరునీటిలో కరుగుతుంది. తాగునీటిలో అది లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీరు దొరకనిచోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణాల సంస్థ అంటోంది. అంతకు బాగా మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగినవారికి మెడ తిరగదు, నడుము వంగదు. ఎక్స్‌రేలో ఎముక దట్టంగానే కనిపిస్తుంది. అయినా అది మంచి ఎముక కాదు.

ఎందుకని?

ఎముకను ఆస్టియోబ్లాస్టులు కడుతుంటాయి, ఆస్టియోక్లాస్టులు కరిగిస్తుంటాయి. ఈ రెండింటి బంధాన్ని టోక్యోలోని షోవా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1988లో గాజుపాత్రలోనే చూపించారు. ఎలుక ప్లీహ కణాలను ఎముక కట్టే కణాలతో కలిపి, చురుకైన డి విటమిన్ చేర్చి పెంచితే, కరిగించే కణాలు పుట్టుకొచ్చాయి. మధ్యలో సన్నటి పొర అడ్డుపెడితే ఒక్కటీ పుట్టలేదు. అంటే కట్టే కణం తాకి ఆజ్ఞ ఇస్తేనే కరిగించే కణం తయారవుతుంది. ఆ ఆజ్ఞను మోసేది ర్యాంక్‌ఎల్ ప్రోటీన్ అని 1998లో తేలింది. దాన్ని అడ్డుకునే ఆస్టియోప్రొటెజెరిన్‌ను కూడా కట్టే కణమే విడుదల చేస్తుంది. ఎముకలు గుల్లబారే జబ్బుకు ఇప్పుడు వాడుతున్న డెనోసుమాబ్ మందు ఈ జ్ఞానం నుంచే వచ్చింది.

రెండు రకాల కణాలనూ కలిపి చూడాలన్న ఈ పాఠం ఫ్లోరైడ్ విషయంలో మరీ ముఖ్యం. ఫ్లోరైడ్, ఎముక కట్టే కణాల పెరుగుదలను ప్రోత్సహిస్తుందని 1983లో గాజుపాత్రలో తేలింది. కానీ 1990లో వెలువడిన అమెరికా పరీక్షలో, ఎముకలు గుల్లబారిన 202 మంది మహిళల్లో సగం మందికి నాలుగేళ్లు సోడియం ఫ్లోరైడ్ ఇస్తే, వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగినా వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. మిగతా ఎముకలు విరగడం ఎక్కువైంది! కట్టే కణాన్ని ఒంటరిగా చూసి ఫ్లోరైడ్ గుణం తేల్చలేమనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

కాబట్టి రెండు కణాలనూ నిజమైన ఎముక ముక్క మీద కలిపి పెంచాలి. మన బోర్లలో ఉన్నంత ఫ్లోరైడ్, మన పేదల తిండిలో ఉన్నంత కాల్షియం కొరత కలిస్తే ఏమవుతుందో చూడాలి. ఫ్లోరైడ్ జబ్బు (ఫ్లోరోసిస్) ఉన్న ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి వంగిపోయిన వారిని 1970లలో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు గుర్తించారు. ఆ పనికి కొనసాగింపు బాధితులకు దగ్గరలో, అనంతపురంలోని విశ్వవిద్యాలయం, వైద్య కళాశాలల్లో జరగడం న్యాయం. గాజుపాత్రలో మూత్రపిండాలు ఉండవు, బరువు మోసే నడక ఉండదు. దాని సాక్ష్యానికీ హద్దుంది. అయినా ఆ పరిశోధన విలువైనదే.

ఫలితాలు వచ్చేదాకా ఊళ్లు ఎదురుచూడకూడదు. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం ఉమ్మడి అనంతపురం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు నీరు చేర్చింది. అంటే ఇది సాధ్యమైన పనే. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. కాబట్టి ప్రతి తాగునీటి బోరునూ ఏటా పరీక్షించి, ఆ అంకెను గ్రామ సచివాలయం గోడ మీద రాయాలి. హద్దు దాటిన బోరును తాగడానికి వాడకుండా వెంటనే ఆపి, ఆ ఊరికి మంచినీటి పైపు వేయాలి.