మంచును తయారు చేయాలా, మంచు మీద నడవాలా?

మన తెలుగులో 'మంచు' అన్న మాటకు చాకిరీ ఎక్కువ. తెల్లవారుజామున గడ్డిపరకల మీద మెరిసే బిందువులూ మంచే, లంబసింగి రోడ్డును కమ్మేసే పొగా మంచే, హిమాలయాల మీద దూదిపింజల్లా రాలేదీ మంచే. కాశ్మీరులో కొండపల్లెల వారికి కావలసింది ఈ మూడోది. ఈ వ్యాసంలో మంచు అంటే అదేనని గుర్తుంచుకోండి.

బారాముల్లా జిల్లాలో, సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున గుల్‌మార్గ్ ఉంది. 1927లో బ్రిటిష్ సైనికాధికారులు ఇక్కడ స్కీ క్లబ్బు ఏర్పాటు చేశారు. ఇప్పుడైతే ఉక్కు తీగకు వేలాడే పెట్టెలలో కూర్చుని రెండు మజిలీలలో అఫర్వత్ పర్వతం మీద దాదాపు 3,950 మీటర్ల ఎత్తు వరకు పోవచ్చు. మొదటి మజిలీ 1998లో, రెండవది 2005లో పనిచేయసాగాయి. పైకి తీగ మీద పోవడం, కాళ్లకు పొడవాటి పట్టీలు తగిలించుకుని కిందికి జారడం: ఇదీ అక్కడి స్కీయింగ్. స్కీలు అద్దెకిచ్చేవారు, జారడం నేర్పేవారు, చెక్కబండి మీద యాత్రికులను లాగేవారు, టీ కాచేవారు, అందరి చలికాలపు సంపాదనా ఈ వాలు మీదే.

2024 జనవరిలో ఆ వాలు గోధుమరంగులో బోసిగా కనిపించింది. మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చి హిమాలయాలకు చలికాలపు మంచును తెచ్చే వాయుగుండాలను 'పశ్చిమ అలజడులు' అంటారు. ఆ ఏడు అవి సరిగా రాలేదు. నెలాఖరుకు గాని చెప్పుకోదగ్గ మంచు పడలేదు. 2025 ఫిబ్రవరిలో జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలను కూడా మంచు చాలక మార్చికి వాయిదా వేశారు.

అయితే యంత్రాలతో మంచు కురిపించుకుంటే పోలేదా అని మీరడగవచ్చు. నీటిని సన్నని తుంపరలుగా చల్లగాలిలోకి చిమ్మితే అవి నేలకు చేరేలోగా గడ్డకడతాయి. యంత్రం చేసేది ఇంతే. కాని గాలి చల్లగా ఉంటేనే కదా! తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం సుమారు మైనస్ 2 డిగ్రీల సెంటీగ్రేడుకు దిగితే గాని పని జరగదు. అంటే వెచ్చని చలికాలంలో, సరిగ్గా అవసరమైనప్పుడే, అది మొండికేస్తుంది. ఉత్తరాఖండ్‌లోని ఔలీ సంగతి చూడండి. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం అక్కడ ఇటువంటి యంత్రాలు పెట్టారు. అయినా 2023 ఫిబ్రవరిలో మంచు లేక పోటీలు రద్దయ్యాయి.

నీటి లెక్క కూడా వేద్దాం. ఒక హెక్టారు, అంటే దాదాపు రెండున్నర ఎకరాల నేల మీద 30 సెంటీమీటర్ల మందాన మంచు పరచాలంటే 3,000 ఘనపు మీటర్ల మంచు కావాలి. యంత్రపు మంచు ఘనపు మీటరుకు 400 కిలోలు తూగుతుందనుకోండి, 12 లక్షల లీటర్ల నీరు! కొండ ఊటలు సన్నగిల్లే కాలంలో ఇంత నీటిని ఆటకు చిమ్మడం నాకు తగని పనిగా తోస్తుంది. ఆ లోయలో వరి మళ్లకూ ఆపిల్ తోటలకూ వేసవిలో నీరిచ్చేది కొండ మీద సహజంగా పడిన మంచే గదా.

మరి ఏం చేయాలి? జారడానికిచ్చే ప్రాధాన్యంలో సగమైనా నడకకు ఇవ్వాలంటాను. వెడల్పాటి పావుకోళ్లవంటి స్నోషూలు కట్టుకుని మంచు మీద నడవడం ఎంతో పాత విద్య. మీరు 50 కిలోల బరువున్నారనుకోండి. ఒక బూటు అడుగుభాగం వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లయితే, ఒంటికాలి మీద బరువు పడినప్పుడు పీడనం చదరపు సెంటీమీటరుకు 250 గ్రాములు. మెత్తని మంచులో మోకాలి దాకా దిగబడతారు. స్నోషూ వైశాల్యం 1,500 చదరపు సెంటీమీటర్లయితే పీడనం 33 గ్రాములే!

(బరువు ఒత్తిడికి మంచు కరిగి స్కీ జారుతుందని కొన్ని పుస్తకాలలో చదివే ఉంటారు. స్కీ కూడా వెడల్పయినదే. అంత తక్కువ పీడనానికి మంచు ద్రవీభవన స్థానం డిగ్రీలో వెయ్యవ వంతు కూడా తగ్గదు. రాపిడి వల్ల పుట్టే వేడికి పైపొర కరిగి ఏర్పడే పలుచని నీటిపొర, మంచు ఉపరితలానికి సహజంగానే ఉండే జారుడు స్వభావం, ఈ రెండూ అసలు కారణాలు.)

స్కీ వాలు మీద మంచు పలుచనైతే రాళ్లు తేలి ఆట ఆగిపోతుంది. నడక దారికి ఆ బెడద లేదు. మంచు తక్కువైన ఏడు బూట్లతోనే నడుస్తారు. గుల్‌మార్గ్ నుంచి బాబా రేషి దర్గా వైపు దిగే అడవి, టంగ్‌మార్గ్ దగ్గర చలికి జలపాతం గడ్డకట్టే ద్రుంగ్, బడ్గాం జిల్లాలో యూస్‌మార్గ్ పచ్చిక బయళ్లు, ఇవన్నీ నడకకు అనువైన నేలలే. అధికారుల అనుమతి ఉన్నప్పుడే వెళ్లాలనుకోండి, అది వేరే మాట. కాశ్మీరు పల్లెవాసులు పూర్వం వరిగడ్డితో 'పుల్‌హోర్' అనే చెప్పులు అల్లుకుని మంచులో తిరిగేవారు.

నడిచేవాడు తీగబండి ఎక్కేవాడంత డబ్బు ఖర్చు పెట్టడన్న ఆక్షేపణ ఉంది. నిజమే. కాని అతని డబ్బు ఒక్క టిక్కెట్టు కిటికీ దగ్గరే ఆగిపోదు. దారి చూపినవాడికీ, రాత్రి బస ఇచ్చిన ఇంటికీ చేరుతుంది. మన మెట్ట రైతు వానను నమ్మలేకనే వేరుశనగలో కంది సాళ్లు వేస్తాడు. గుల్‌మార్గ్ చుట్టుపట్ల పల్లెలు తీగబండిని వదులుకోనక్కరలేదు, దాని పక్కన మరో సాలు వేసుకోవాలి.

దారి చూపేవాడు మాత్రం ఆ ఊరివాడే కావాలి. హిమపాతాలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే విరిగిపడతాయి. 2024 ఫిబ్రవరిలో గుల్‌మార్గ్ ఎగువన అటువంటి హిమపాతంలో ఒక విదేశీ స్కీయరు చనిపోయాడు. ఏ వాలు ఎప్పుడు విరుగుతుందో, కొత్త మంచు పడ్డాక ఎన్నాళ్లు ఆగాలో చిన్ననాటి నుంచి ఆ కొండను చూస్తున్నవారికి తెలిసినంతగా టిక్కెట్టు అమ్మేవారికి తెలియదు.